మునిగే కాయ, తేలే కాయ

ఉదయ్ భాస్కర్ మాస్టారు పాఠం చెబితే గోడకైనా ఫిజిక్స్ వచ్చి తీరుతుందని ఆ హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు అనుకునేవారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన సబ్జెక్టులో తప్పినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా ఆయనకి ఇప్పటికీ గుర్తే. నూజివీడులో ఇల్లు, చాట్రాయి రోడ్డులో బడి, మధ్యలో మోటార్ సైకిలు. బండి మీద వెళ్తూ కూడా ఆ రోజు చెప్పబోయే పాఠాన్ని పెదాలతో వల్లించుకుంటూ ఉండేవాడాయన. ఎదురొచ్చే లారీవాళ్ళు మంత్రాలు చదువుకుంటున్నాడనుకునేవారు.

అలాంటి మనిషిని ఏప్రిల్ రెండో వారంలో ఓ రోజు హెడ్మాస్టరు భావనారాయణగారు గదిలోకి పిలిచారు.

"మన కింద ఉన్న ప్రైమరీ బళ్ళన్నిట్లో పిల్లల చేత సైన్సు చేయించే రోజు ఒకటి పెట్టాలటండీ. హైస్కూలు నుంచి ఒక సైన్సు మాస్టారు వెళ్ళి సాయం పట్టాలి. ఎర్రమట్టిపాలెం మీ పేరున రాశాను."

"ఒకటో తరగతి పిల్లలకి నేనేం చెప్పగలనండీ?"

"మీరు చెప్పలేకపోతే ఇంకెవరు చెప్తారండీ?" అన్నారు భావనారాయణగారు. ఆ మాట మెచ్చుకోలుగా వినపడింది కాబట్టి ఉదయ్ భాస్కర్ కాదనలేకపోయాడు.

ఎర్రమట్టిపాలెం చాట్రాయి దాటాక తోటల మధ్య ఉండే చిన్న ఊరు. అయిదు తరగతులకీ కలిపి నలభై మూడు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. అందులో ఒకావిడ ట్రైనింగుకి వెళ్ళడంతో బడి భారమంతా షాలోమి టీచరు మీదే పడింది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. ముందు రోజు సాయంత్రం ఆమే ఫోను చేసింది.

"సార్, అయస్కాంతాలు, భూతద్దాలు, పసుపు కాగితాలు అన్నీ సిద్ధం చేశాను. నీళ్ళలో ఏది మునుగుద్ది, ఏది తేలుద్ది అనే ఆట మీరు చూసుకుంటారా?"

"చూసుకుంటానమ్మా. ముందు సైన్సు గురించి ఓ ముప్పావుగంట మాట్లాడతాను. చార్టు కూడా రాశాను."

"సార్, వాళ్ళు బాగా చిన్నపిల్లలండి. మాటలు కొంచెం తక్కువుంటే..."

"చిన్నపిల్లలు కాబట్టే అన్నీ విడమరిచి చెప్పాలమ్మా," అని ఆయన నచ్చజెప్పాడు.

ఆ రాత్రి భోజనానికి ముందే ఆయన ఒక కాగితం తయారు చేశాడు. రాయి, మేకు, కొవ్వొత్తి, బంగాళాదుంప, ఉల్లిపాయ, నిమ్మకాయ, మామిడికాయ, ఇలా పది వస్తువుల పేర్లు. ఒక్కోదాని పక్కన రెండు గళ్ళు: మునుగుతుంది, తేలుతుంది. పిల్లలు ముందు ఊహించి టిక్కు పెట్టాలి, తర్వాత నీళ్ళలో వేసి చూడాలి. నలభై మూడు కాపీలు తీయించాడు. తన కాపీలో మాత్రం జవాబులన్నీ ఎర్ర ఇంకుతో నింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాటిలో ఏ ఒక్కటీ ఆయన నీళ్ళలో వేసి చూడలేదు. ఆ అవసరం ఉందని తోచలేదు.

ఒంటిపూట బడులు కావడంతో మర్నాడు ఏడున్నరకల్లా ఎర్రమట్టిపాలెంలో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాన మైకు పెట్టె, చంకలో చార్టు. వరండాలో షాలోమి నాలుగు చోట్ల నాలుగు ఆటలు పరిచి ఉంచింది. ఒక చోట పళ్ళెంలో ఎర్రమట్టి, పక్కన అయస్కాంతాలు. ఇంకో చోట పసుపు పూసి ఆరబెట్టిన కాగితాలు, సబ్బునీళ్ళు, నిమ్మరసం. మూడో చోట భూతద్దాలు. చివర్లో వంట చేసే ఇన్నమ్మ దగ్గర బతిమాలి తెచ్చిన పెద్ద డేగిశా, నిండా నీళ్ళు.

"మధ్యాహ్నం లోపు నా డేగిశా నాకు తోమి ఇవ్వాలి," అని ఇన్నమ్మ మాస్టారికే చెప్పింది, అసలు బాధ్యుడు ఆయనే అన్నట్టు.

పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఉదయ్ భాస్కర్ మైకు అందుకున్నాడు.

"పిల్లలూ, సైన్సు అంటే ఏంటి?"

రెండో తరగతి పిల్లాడు లేచి, "పెద్ద క్లాసోళ్ళ పుస్తకం సార్," అన్నాడు.

ఆయన నవ్వి చార్టు విప్పాడు. పదార్థం, ద్రవ్యరాశి, ఘనపరిమాణం అంటూ హైస్కూల్లో పేరు తెచ్చిపెట్టిన పాఠాన్నే కాస్త పలచన చేసి మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో ఒక పిల్ల నీళ్ళు తాగడానికి వెళ్తానంది. ఆమె వెనకాల పదకొండు మందికి దాహం వేసింది. అయిదో నిమిషంలో ముందు వరసలో ఉన్న ఒకటో తరగతి బుడ్డోడు పక్కవాడి ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాడు. ఏడో నిమిషానికి ఎవరో పాకుతూ వెళ్ళి అయస్కాంతం పట్టుకొచ్చారు. అది చేతులు మారుతూ మైకు దాకా వచ్చి, మైకుకి టక్కున అతుక్కుంది. పిల్లలంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అప్పటిదాకా చెప్పినదాంట్లో ఇంత ఆసక్తిగా వాళ్ళు దేన్నీ చూడలేదు.

షాలోమి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "సార్, ఇక మొదలుపెడదామా?"

"మొదలుపెట్టాను కదమ్మా."

"మీరు కాదు సార్. వాళ్ళు."

ఆయనకి చెవులు వేడెక్కాయి. పద్దెనిమిదేళ్ళలో ఆయన పాఠాన్ని మధ్యలో ఆపినవాళ్ళు లేరు. కానీ ఆ అమ్మాయి మొహంలో వెక్కిరింత లేదు, తొందర మాత్రమే ఉంది. చార్టు చుట్టేసి మైకు పెట్టెలో పెట్టేశాడు.

షాలోమి చప్పట్లు కొట్టి పిల్లల్ని నాలుగు జట్లుగా విడగొట్టింది. వరండా ఒక్క క్షణంలో తేనెపట్టులా మారిపోయింది. ఎర్రమట్టిలో అయస్కాంతం తిప్పితే నల్లటి సన్నని రేణువులు మీసంలా అంటుకుంటున్నాయి. "మా ఇంటి ముందు మట్టిలో కూడా ఇనుము ఉంటదా టీచర్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇద్దరు గేటు బయటికి మట్టి తేవడానికి పరుగెత్తారు. పసుపు కాగితం మీద సబ్బునీళ్ళతో ఒకడు తన పేరు రాస్తే అక్షరాలు కుంకుమ రంగులో లేచాయి. నిమ్మరసం పూస్తే మళ్ళీ పసుపయ్యాయి. వాడు మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు. ఇందాకటి బుడ్డోడు కూడా నిద్ర లేచి, భూతద్దంలో తన బొటనవేలిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఉదయ్ భాస్కర్ తన డేగిశా దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పదకొండు మంది, ఎక్కువగా మూడు, నాలుగు తరగతులవాళ్ళు. కాగితాలు పంచాడు. పిల్లలు పెన్సిళ్ళు కొరుకుతూ, ఒకళ్ళ కాగితంలోకి ఒకళ్ళు తొంగి చూస్తూ టిక్కులు పెట్టుకున్నారు. అంతవరకూ సవ్యంగానే నడిచింది. కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా. ఎవరి కాగితంలోనైనా తప్పు టిక్కు కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు.

"ముందే చెప్తున్నా, సరిచూసుకోండి. రాయి మునుగుతుంది. కొవ్వొత్తి తేలుతుంది. బంగాళాదుంప మునుగుతుంది. ఉల్లిపాయ తేలుతుంది. మామిడికాయ తేలుతుంది."

రబ్బర్లు బయటికొచ్చాయి. పరపరమని చెరిపే శబ్దం తప్ప ఇంకేమీ వినపడలేదు. ఒక్క పిల్ల మాత్రం చెరపలేదు. రెండు జడలు, మోకాలి మీద మట్టి మరక, పేరు యోగిత, మూడో తరగతి.

"నువ్వు మామిడికాయ తప్పు రాశావమ్మా."

"లేదు సార్. ముదురుకాయ మునుగుద్ది."

"పళ్ళూ కాయలూ నీళ్ళ మీద తేలతాయమ్మా. యాపిలు తేలదూ? అలాగే ఇదీ."

"యాపిలు నాకు తెలీదు సార్. మా అమ్మ నూజివీడులో కాయలు కడిగే షెడ్డుకి పనికెళ్ళుద్ది. తొట్లో పోస్తే ముదురుకాయ అడుక్కి పోద్ది, లేతది పైన తేలుద్ది. నేను చూశా."

"సరే, తర్వాత చూద్దాం, కూర్చో," అన్నాడు ఆయన, హైస్కూల్లో అడ్డుప్రశ్నలు వేసేవాళ్ళతో అనే గొంతుతోనే.

కానీ ఇక్కడ తర్వాత అనేది లేదు. డేగిశా ఎదురుగానే ఉంది. యోగిత అప్పటికే పక్కనున్న మామిడి బుట్టలోంచి ఒక చిన్నరసం కాయ తీసి నీళ్ళలో వదిలేసింది. కాయ ఒకసారి పక్కకి ఒరిగి, తాపీగా కిందికి దిగి, డేగిశా అడుగున టంగుమని తగిలింది.

పదకొండు తలలూ ఆయన వైపు తిరిగాయి.

ఏదో ఒకటి చెప్పి దాటేయడం ఆయనకి చేతగాని పని కాదు. ఈ కాయ ప్రత్యేకం అనొచ్చు, పుచ్చు ఉందేమో అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అనకుండా, ఇంకో కాయ తీసి తనే వేశాడు. అదీ మునిగింది. మూడోది వేశాడు. అది తేలింది. మునిగిన రెండిటినీ, తేలినదాన్నీ మార్చి మార్చి చూశాడు. రోజూ రెండు పూటలా ఈ తోటల మధ్యే బండి నడుపుతూ, యాభై వేసవికాలాలు ఇవే కాయలు తింటూ, ఒక్కసారి కూడా ఒక కాయని నీళ్ళలో వేసి చూడలేదన్నమాట.

దానికంటే ఎక్కువగా పొడిచింది ఇంకొకటి. వంగి పిల్లల కాగితాలు చూశాడు. ఆరుగురి కాగితాల్లో మామిడికాయ పక్కన చెరిపిన మచ్చ. వాళ్ళంతా మొదట 'మునుగుతుంది' అనే రాశారు. తోటల్లో పుట్టిన పిల్లలు, తెలిసే రాశారు. ఆయన అన్న ఒక్క మాటకి తుడిచేసుకున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఇలా ఎంతమంది చేత ఎన్ని చెరిపించి ఉంటాడో.

జేబులోంచి ఎర్ర ఇంకు కాగితం తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"నేను రాసింది తప్పురా పిల్లలూ. యోగిత రాసింది ఒప్పు. మీరు మొదట రాసిందే మళ్ళీ రాసుకోండి. ఇక నేనేం చెప్పను."

"నిజంగానే తప్పా సార్?" అని ఒకడు అనుమానంగా అడిగాడు.

"నిజంగానే. చూశావు కదా."

మాస్టారు తప్పు రాశాడన్న కబురు వరండా ఈ చివర్నించి ఆ చివరికి పాకేసరికి అయస్కాంతాల జట్టూ, పసుపు జట్టూ కూడా డేగిశా చుట్టూ మూగాయి. షాలోమి వాళ్ళని వెనక్కి పిలవబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పండి. రెండు కాయలూ ఒకే సైజు. ఒకటెందుకు మునిగింది, ఇంకోటి ఎందుకు తేలింది?"

ఇన్నమ్మ కత్తిపీట తెచ్చి రెండిటినీ కోసింది. తేలిన కాయ లోపల తెల్లగా ఉంది. టెంక మెత్తగా తెగింది. మునిగినదాని కండ పసుపు తిరిగింది, టెంక గట్టిపడి కత్తికి అడ్డం పడింది. "లోపల పిండి పడింది సార్, అందుకే బరువెక్కింది," అన్నాడు అయిదో తరగతి గోపి. ఆ మాటతో నాలుగో తరగతి నిఖితకి ఇంకో ఆలోచన వచ్చింది. ఒకే సైజువి రెండు చిక్కీ డబ్బాలు తెచ్చి, ఒకటి ఖాళీగా, ఒకటి నిండా ఎర్రమట్టితో మూత పెట్టి నీళ్ళలో వేసింది. ఖాళీది తేలింది, నిండుది మునిగింది. ఉదయ్ భాస్కర్ తొమ్మిదో తరగతికి రెండు పీరియడ్లు చెప్పే పాఠం అది. నిఖిత ఒక్క మాటా మాట్లాడకుండా చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే రాయప్ప వచ్చాడు. బడి పక్కన తోట ఆయనదే. పిల్లల ఆట కోసం రెండు బుట్టల కాయలు పొద్దున్నే పంపింది కూడా ఆయనే. యాభై దాటిన మనిషి, బడి కమిటీ ఛైర్మను.

"ఏంటి మాస్టారూ, కాయలకి స్నానాలు చేయిస్తున్నారు?"

విషయం చెబితే తేలిగ్గా నవ్వాడు. "నీళ్ళెందుకండీ? ముప్పై ఏళ్ళ నుంచి తోటలో ఉన్నా. కాయ మొహం చూస్తే ముదురో లేతో చెప్పేస్తా."

"అయితే చెప్పు పెద్దనాన్నా. నీళ్ళలో వేసి చూద్దాం," అంది యోగిత.

అలా మొదలైంది పందెం. బుట్టలోంచి ముదురుకాయలని తోచినవి ఒక్కొక్కరు పది ఏరాలి. మునిగినదానికి ఒక మార్కు. షాలోమి బోర్డు బయటికి తెప్పించి పేర్లు రాసింది. మొదట మాస్టారు. ఆయన రంగు చూసి, బరువు చూసి, చాలాసేపు ఆలోచించి పది ఏరాడు. నాలుగు మునిగాయి.

"పదికి నాలుగు. మాస్టారు అత్తెసరు పాసు," అని గోపి ప్రకటించాడు.

తర్వాత యోగిత. కాయని చేతిలో తిప్పి, తొడిమ దగ్గర భుజాలు ఉబ్బాయో లేదో వేలితో తడిమి ఏరింది. ఎనిమిది మునిగాయి. ఆఖర్న రాయప్ప. ఆయన చకచకా నిమిషంలో పది తీసి వరసగా నీళ్ళలో వదిలాడు. ఏడు మునిగాయి. మూడు తేలి, డేగిశాలో గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయి.

పిల్లలు అరుస్తూ గంతులు వేస్తున్నారు. రాయప్ప కూడా నవ్వుతున్నాడు గానీ ఆ మూడు కాయల మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"మాస్టారూ, రెండు బుట్టలూ మొత్తం వేసి చూద్దామా?"

మొత్తం అరవై నాలుగు. మునిగినవి ఒక వరసలో, తేలినవి ఒక వరసలో వరండా నేల మీద పేర్చారు. తేలినవాటి వరస స్తంభాన్ని దాటి తలుపు దాకా వెళ్ళింది. రెండో తరగతి పిల్లలు చేతులు పట్టుకుని లెక్కపెట్టారు: మునిగినవి ఇరవై అయిదు, తేలినవి ముప్పై తొమ్మిది.

రాయప్ప తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "రేపు పొద్దున కోత పెట్టుకున్నానండి. లారీ కూడా మాట్లాడా. గాలివాన వస్తదేమోనని భయపడి తొందరపడ్డా. ఈ లెక్కన సగానికి పైగా లేతకాయే కోసేసేవాణ్ణి. మాగబెడితే ముడతలు పడి, పుల్లగా చచ్చుద్ది. రసం ఉండదు. కోత ఆపేస్తా."

ఉదయ్ భాస్కర్ కంగారుగా లేచి నిలబడ్డాడు. ఆట ఆటగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఈ మాట విని ఒక మనిషి ఏడాది పంటని చెట్ల మీద వదిలేస్తే, రేపో ఎల్లుండో గాలి వీస్తే?

"రాయప్పగారూ, ఇది పిల్లల ఆటండి. దీన్ని పట్టుకుని అంత పెద్ద నిర్ణయం..."

"సార్," అని గోపి మధ్యలో అందుకున్నాడు. "ఈ కాయలు ఏ చెట్టువి?"

"తోటంతా కలియదిరిగి కోయించానురా," అన్నాడు రాయప్ప.

"అట్టయితే కలిసిపోయాయి కదా. ఏ చెట్టుదో ఆ చెట్టుది వేసి చూడాలి. మునిగే చెట్లు కోసి, తేలే చెట్లు ఉంచొచ్చు."

హైస్కూలు ఇన్స్పెక్షన్‌కి వచ్చే అధికారులు కూడా ఇంత సూటిగా తప్పు పట్టలేదు తనని, అనుకున్నాడు మాస్టారు. టైము చూశాడు. పదిన్నర. "షాలోమి మేడమ్, తీసుకెళ్దామా?" అని అడిగాడు. పొద్దుటి నుంచీ ఆయన ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"వరసలో నడిస్తేనే," అంది షాలోమి, పిల్లల వైపు చూసి.

గోడ పక్కనే తోట. బోరు దగ్గర సగానికి కోసిన నీలం డ్రమ్ము ఉంది. దాన్ని చెట్ల మధ్యకి దొర్లించి, చిన్నపిల్లలు చెంబులతో, పెద్దపిల్లలు బకెట్లతో నింపారు. ముప్పై ఆరు చెట్లు, ఆరు వరసలు. రాయప్ప పొడవాటి గెడకి కట్టిన చిక్కంతో ఒక్కో చెట్టునీ మూడు కాయలు కోయాలి. వాటిని నీళ్ళలో వేయాలి. రెండు గాని మూడు గాని మునిగితే చెట్టు మొదలు మీద సుద్దముక్కతో 'ము' అని రాయాలి. లేకపోతే 'తే'. రాసే పని ఒకటి, రెండు తరగతులవాళ్ళది. 'ము'కి కొమ్ము ఎటు తిప్పాలన్న దాని మీద అప్పటికప్పుడు తగవులు వచ్చాయి. ఒక చెట్టుకి మూడు 'ము'లు పడ్డాయి.

కాసేపు చూసి ఉదయ్ భాస్కర్ చిక్కం తనూ పట్టుకుంటానన్నాడు.

"తొడిమ మీ వైపు పెట్టుకోకండి సార్, సొన కొడుద్ది," అని యోగిత చెప్పేలోపే కాయ తెగింది. తొడిమలోంచి సొన చిమ్మి చొక్కా మీద, మణికట్టు మీద పడింది. పడ్డచోట చురుక్కుమంది. తెల్ల చొక్కా మీద గోధుమరంగు మరక అప్పుడే దిగుతోంది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఆగిపోయారు. ఆయనే ముందు నవ్వాడు. దాంతో తోటంతా నవ్వింది. యోగిత మణికట్టు మీద నీళ్ళు పోసి రుద్దింది. ఇన్నమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి, ఆమే రాసింది. "మా పిల్లలకి పుట్టినప్పటి నుంచి తెలుసు ఇది. మీకు ఎవరూ చెప్పలేదా అండీ?" అని జాలిగా అడిగింది.

పన్నెండు దాటేసరికి లెక్క తేలింది. రోడ్డు వైపు మొదటి మూడు వరసల్లో దాదాపు అన్నీ 'ము'లే. పల్లంలో ఉన్న వెనక వరసల్లో అన్నీ 'తే'లే. రాయప్ప సుద్దరాతల్ని చూస్తూ వరసల మధ్య నెమ్మదిగా నడిచాడు.

"ముందు వరసలు పదిహేను రోజులు ముందు పూశాయండి ఈ ఏడు. నాకు తెలుసు. తెలిసే మర్చిపోయాను," అన్నాడు. అక్కడే నిలబడి లారీ అతనికి ఫోను చేశాడు. రేపు సగం లోడే అని, మిగతాది తర్వాత చెప్తానని.

భోజనాల దగ్గర పిల్లలు ముందెప్పుడూ తిననంత తిన్నారు. డేగిశా మాస్టారే తోమాడు. ఇన్నమ్మ రెండోసారి తోమించింది.

మర్నాడు తెల్లవారుజామున ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. అయినా ఆరింటికల్లా తోట గట్టు దగ్గర బండి ఆపాడు. కోత కూలీలు 'ము' చూసి చెట్టెక్కుతున్నారు. 'తే' కనిపిస్తే ముందుకి పోతున్నారు. బడికి ఇంకా రెండు గంటలున్నా పిల్లలు పదిహేను మంది ముందే వచ్చి, ఎవరూ 'తే' చెట్టు ఎక్కకుండా కాపలా కాస్తున్నారు. ఆయన వాళ్ళతో పాటు కాసేపు నిలబడి, తొమ్మిది చెట్లు కోయడం చూసి, బడికి వెళ్ళాడు.

హెడ్మాస్టరుకి ఇవ్వాల్సిన నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాడు. భావనారాయణగారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇదేంటండీ, 'నా జవాబు తప్పని మూడో తరగతి విద్యార్థిని నిరూపించింది' అని రాశారు? ఇది పైకి పంపాలి కదా," అన్నారు.

"పంపండి. ఆ రోజు వాళ్ళు చేసిన సైన్సు అదేనండి."

భావనారాయణగారు ఆయన్ని ఎగాదిగా చూసి సంతకం పెట్టేశారు.

ఉదయ్ భాస్కర్‌కి ఆ తర్వాత నిద్ర సరిగా పట్టలేదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, రాయప్పకి ఫోను చేసేవాడు. నాలుగో రోజు సాయంత్రం గాలి రానే వచ్చింది. నూజివీడులో ఫ్లెక్సీలు చిరిగాయి. ఆయన ఇంట్లో కూర్చోలేక వీధి అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు. పొద్దున ఫోను చేస్తే రాయప్ప తాపీగా పలికాడు.

"ఓ మూడు బుట్టలు రాలాయండి. ఊరగాయకి పంచేశా. ముందు వరసల కాయలు ఉండుంటే బరువుకి ఇంకా ఎక్కువ రాలేవి. మీరు నిద్రపోండి మాస్టారూ."

సెలవులు ఇచ్చిన నాలుగో రోజున వెనక వరసలు కోత పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఉదయ్ భాస్కర్ అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. షాలోమి నంబరు నుంచి ఫోను. ఎత్తితే యోగిత గొంతు.

"సార్, నేను. టీచర్ కూడా ఇక్కడే ఉన్నారు. మిగిలిన చెట్ల కాయలన్నీ మళ్ళీ వేసి చూశాం. అన్నీ 'ము'లే అయ్యాయి."

"మంచిది అమ్మా. రాయప్పగారు ఏమన్నారు?"

"నవ్వుతున్నారు సార్. అది కాదు. ఒక పిందె ఉంది. నా బొటనవేలంత. అదేమో మునిగింది."

"పిందె మునిగిందా?"

"మూడుసార్లు వేశాం. మూడుసార్లూ మునిగింది. లేతది తేలాలి కదా. ఎందుకు సార్?"

ఆయన ఆలోచించాడు. పుచ్చిందా? లోపల నీరు పట్టిందా? వెనకటి ఉదయ్ భాస్కర్ అయితే ఈపాటికి మూడు కారణాలు అంకెలు వేసి చెప్పేవాడు.

"నాకు తెలీదమ్మా. కోసి చూశారా?"

"లేదు సార్. గోపి కోద్దామన్నాడు. మీరు లేకుండా ఎట్టా కోస్తామని ఆపేశా. కత్తిపీట రెడీగా ఉంది."

ఫోనులో వెనకనుంచి చాలా గొంతులు, సార్ వస్తున్నారా అని అడుగుతున్నాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. భార్య సాంబారు గరిటె పట్టుకుని ఆయన వంక ప్రశ్నార్థకంగా చూస్తోంది.

"దాన్ని నీళ్ళలోనే ఉంచండి. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి," అని చెప్పి, ఆయన కంచంలో అన్నం గబగబా కలుపుకున్నాడు.